దిక్సూచి ముల్లు కదలిన దినము

నంద్యాలనుండి ఆళ్లగడ్డకు వచ్చి, అక్కడినుండి ఉయ్యాలవాడ వైపు తిరిగిన వారికి దారి పొడుగునను రెండు సంగతులు కనబడును. ఒకటి నల్లరేగడి చేలు. రెండవది ఆ చేల గట్లమీద స్తంభముల నడుమ నిలిచిన కరెంటు ట్రాన్సుఫార్మర్లు. శనగ గాని ప్రత్తి గాని మిరప గాని, బోరు మోటారును నమ్ముకొని వేసిన పైరునకు ఆ ఇనుప పెట్టెయే ఆధారము. అది కాలిపోయిన రాత్రి రైతు ఇంట నిద్ర యుండదు. దానిని బాగుచేయించి తెచ్చి మరల నిలువబెట్టువరకు పైరు వాడుచునే యుండును.

ఆ పెట్టెను ఎరుగని పల్లెవాడు లేడు. అయినను దానిలోపల ఏమున్నదని అడిగినయెడల చెప్పగలవారు కొందరే. లోపల తిరుగు చక్రము లేదు, మండు నిప్పు లేదు. నూనెలో మునిగియున్న ఇనుప రేకుల దిమ్మె, దానిమీద చుట్టిన తీగ చుట్టలు, అంతే. వింత ఏమనగా, వచ్చు కరెంటు చుట్టకును పోవు కరెంటు చుట్టకును నడుమ అతుకు లేదు. పైలైనులోని 11,000 వోల్టుల కరెంటు ఒక చుట్టలోనికి వచ్చి ఆ దారినే తిరిగిపోవును. దాని ప్రక్కనున్న చుట్టలో 400 వోల్టులకు కొంచెము పైబడిన వేరొక కరెంటు పుట్టి మన మోటారునకు వచ్చును. ముట్టుకొనని తీగలో కరెంటు ఎట్లు పుట్టెను?

ఈ ప్రశ్నకు జవాబు 1831వ సంవత్సరమున లండను పట్టణములో ఒక కమ్మరి కుమారుని చేతిమీదుగా బయలుపడెను. అదే జవాబును మన పల్లె బడిలో, కొద్దిపాటి సామానుతో, పిల్లల కన్నుల యెదుట చూపవచ్చును. కాని చూపుటలో ఒక మోసము పొంచియున్నది. మొదట దానిని చెప్పవలెను. ఏలయనగా నేనే దానిలో పడితిని.

కొన్ని సంవత్సరముల క్రిందట ఈ ప్రాంతపు ఒక పల్లె బడిలో పదవ తరగతి పిల్లలకు విద్యుదయస్కాంత ప్రేరణ అను పాఠము చెప్పవలసి వచ్చెను. పుస్తకములోని బొమ్మను నల్లబల్లమీద గీసి వల్లె వేయించుటకు మనసు ఒప్పలేదు. అందుచేత రాగి తీగను ఒక గొట్టమునకు చుట్టి తెచ్చితిని. దిక్సూచి ఒకటి, కడ్డీ అయస్కాంతము ఒకటి బడి బీరువాలో దొరికెను. చుట్టను, దిక్సూచిని ఒకే బల్లమీద జానెడు దూరమున పెట్టి, తీగ కొనలను దిక్సూచి చుట్టు నాలుగు పేటలు త్రిప్పి ముడివేసితిని. పిల్లలందరు గుంపుగా చుట్టు నిలిచిరి. అయస్కాంతమును చుట్టలోనికి దూర్చగానే దిక్సూచి ముల్లు గిర్రున తిరిగెను. "చూచినారా? తీగలో కరెంటు పుట్టింది!" అని కేక వేసితిని. పిల్లలు చప్పట్లు కొట్టిరి.

అప్పుడు వెనుక వరుసనుండి ఒక బాలిక మెల్లగా అడిగెను: "సార్, ఆ తీగ ఇప్పేసి ఒకసారి చూపండి సార్."

తీగ విప్పితిని. అయస్కాంతమును మరల దూర్చితిని. ముల్లు మునుపటివలెనే గిర్రున తిరిగెను.

తరగతి నిశ్శబ్దమాయెను. ముల్లును కదల్చినది తీగలోని కరెంటు కాదు. జానెడు దూరమున నున్న అయస్కాంతమే తిన్నగా దానిని లాగుచుండెను. అంతటితో ఆగలేదు. దిక్సూచిని గది ఆవలి గోడవరకు జరిపి, పొడుగు తీగతో కలిపి మరల ప్రయత్నించితిమి. ఈసారి ముల్లు బొత్తిగా కదలలేదు. తీగమీది ఎనామిలు పూతను కొనలయొద్ద గీకి వేయుట నేను మరచితిని; పూత గీకనిదే కరెంటు ఒక తీగనుండి మరియొక తీగకు దాటదు. అనగా ఆ దినమున నా చుట్టనుండి రవ్వంత కరెంటైనను దిక్సూచిని చేరలేదు.

నేను చెప్పిన సూత్రము నిజమే. పుస్తకములో ఉన్నదియు నిజమే. కాని దానికి నేను చూపిన సాక్ష్యము అబద్ధము. తెలిసి ఆడినది కాదు గాని, ఆ బిడ్డ అడుగకపోయినయెడల ముప్పదిమంది పిల్లలు అబద్ధమును కన్నులార చూచి, నిజమని నమ్మి, ఇంటికి పోయి యుందురు. నిజమును నిలువబెట్టుటకు అబద్ధ సాక్ష్యము పనికిరాదని గుడిలో వినుచుందుము, బడిలోను అంతే.

ఆ రాత్రి ఈ పాఠముయొక్క చరిత్రను వెదకి చదివితిని. చదువగా చదువగా నా సిగ్గు కొంత తగ్గి ఆశ్చర్యము హెచ్చెను. నేను తడబడిన చోటనే లోకములోని గొప్ప పండితులు పదునొకండు సంవత్సరములు తడబడిరి.

సంగతి 1820లో మొదలాయెను. డెన్మార్కు దేశపు రాజధాని కోపెన్‌హాగెనులో ఓర్‌స్టెడ్ అను ఆచార్యుడు బ్యాటరీ తీగను దిక్సూచి దాపునకు తెచ్చినప్పుడు ముల్లు ప్రక్కకు తొలగుట చూచెను. కరెంటు ప్రవహించు తీగ అయస్కాంతమువలె ప్రవర్తించుచున్నదన్నమాట. ఈ వార్త ఐరోపా యంతట ప్రాకెను. వెంటనే అందరికిని తట్టిన ప్రశ్న ఒకటే: కరెంటునుండి అయస్కాంత శక్తి వచ్చినప్పుడు, అయస్కాంతమునుండి కరెంటు ఏల రాకూడదు? తీగ ప్రక్కన బలమైన అయస్కాంతమును పెట్టిరి, తీగలో కరెంటు ఉన్నదా అని చూచిరి. లేదు. ఇంకను బలమైన దానిని పెట్టిరి. లేదు.

ఇట్లు వెదకినవారిలో మైకేల్ ఫారడే ఒకడు. ఇతడు 1791 సెప్టెంబరు 22న లండనునకు దక్షిణపు ప్రక్కనున్న న్యూయింగ్టనులో జన్మించెను. తండ్రి కమ్మరి, తరచుగ జబ్బుపడువాడు. 1801లో ధాన్యము ధర మండిపోయిన కాలమున పిల్లవానికి వారమునకు ఒక రొట్టె ఇచ్చి, దానినే వారమంతయు సరిపెట్టుకొనుమని ఇంట చెప్పిరట. చదువు అంతంతమాత్రము. పదుమూడవ ఏట ఒక పుస్తకముల అంగడిలో పనికి కుదిరి, మరుసటి ఏట అక్కడనే పుస్తకములు బైండు చేయు పని నేర్చుకొన మొదలిడి, ఏడు సంవత్సరములు ఉండెను. బైండు చేయుటకు వచ్చిన పుస్తకములను చదువుట అతని అలవాటు. అట్లు చదివినవానిలో జేన్ మార్సెట్ అను స్త్రీ వ్రాసిన రసాయనశాస్త్ర గ్రంథమును, విజ్ఞాన సర్వస్వములోని విద్యుత్తు వ్యాసమును అతని జీవితమును త్రిప్పివేసెను.

1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషనులో హంఫ్రీ డేవీ ఇచ్చిన ఉపన్యాసములను విని, వానిని శుభ్రముగా వ్రాసి, తానే బైండు చేసి డేవీకి పంపెను. మరుసటి సంవత్సరము మార్చి నెలలో అక్కడనే సహాయకుడుగా చేరెను. సీసాలు కడుగుట మొదలు అన్ని పనులు చేసెను. గణితము అతనికి అబ్బలేదు. తరువాతి కాలమున అతని ఊహలకు గణిత రూపమిచ్చినవాడు మాక్స్‌వెల్. ఫారడేకు ఉన్నవి చేతులు, కన్నులు, దినచర్య పుస్తకము. జరిగినది జరిగినట్లు వ్రాయుట, జరుగనిది జరుగలేదని వ్రాయుట అతని నియమము.

ఇతని కుటుంబము శాండెమేనియన్లు అను చిన్న క్రైస్తవ సంఘమునకు చెందినది. వారికి జీతముగల పాదిరి లేడు. పెద్దలే వంతులవారీగా ప్రసంగించుచుండిరి. ఫారడే 1821లో సారా బార్నర్డును పెండ్లాడి, ఆ వేసవిలోనే సంఘమునందు తన విశ్వాసమును ఒప్పుకొని చేరెను. 1840లో సంఘ పెద్ద ఆయెను. అయితే ప్రయోగశాలలో అతడు ఏ సంగతికిని లేఖనమును సాక్ష్యముగా తేలేదు. సృష్టి దేవుని చేతిపని గనుక దానిని ఉన్నదున్నట్లు చదువవలెను గాని, మనకు కావలసినట్లు చదువరాదని అతని భావము. ముల్లు కదలినదా లేదా అని ముల్లునే అడిగెను.

1822లో అతడు తన నోటు పుస్తకములో, అయస్కాంతమును విద్యుత్తుగా మార్చవలెనని తనకు తానే ఒక పని అప్పగించుకొనెను. 1824లో ప్రయత్నించెను, ఫలితము లేదు. 1825లో మరల, 1828లో మరల, ఫలితము లేదు. ప్రతిసారియు ఫలితము లేదనియే పుస్తకములో వ్రాసెను.

ఆ కాలముననే, 1825లో, జెనీవా పట్టణమున జీన్ డేనియల్ కొలాడన్ అను యువకుడు ఈ పనికే పూనుకొనెను. అతడు బుద్ధిమంతుడు. బలమైన అయస్కాంతము దాపున నున్నచో అది దిక్సూచి ముల్లును తిన్నగా లాగునని అతనికి తెలియును. నేను చేసిన తప్పు అతడు చేయలేదు. ముల్లుగల గాల్వనామీటరును దూరముగ వేరొక గదిలో పెట్టి, పొడుగు తీగలతో చుట్టకు కలిపెను. చుట్టయొద్ద అయస్కాంతమును దూర్చెను. లేచి, ఆ గదికి నడిచిపోయి చూచెను. ముల్లు నిశ్చలముగ నుండెను.

చదువరులారా, ఏమి జరిగినదో గ్రహించితిరా? అయస్కాంతము కదలిన ఆ క్షణమున కరెంటు పుట్టెను. ఆవలి గదిలో ముల్లు కదలెను. కాని అచ్చట చూచువారు లేరు. కొలాడన్ నడచి వచ్చులోపల ముల్లు తన స్థలమునకు తిరిగి వచ్చెను. అతని జాగ్రత్త మంచిదే, ఏర్పాటు మంచిదే. తక్కువైనది రెండవ మనిషి. ఒకరు కదలించుచుండగా మరియొకరు చూచుచుండినయెడల ఆ కీర్తి ఆరేండ్ల ముందే అతనికి దక్కియుండును.

1831 ఆగస్టు 29వ తేదీన ఫారడే ఒక మెత్తని ఇనుప ఉంగరమును తెప్పించెను. దాని అడ్డకొలత ఆరు అంగుళములు. మందము అంగుళమునకు కొంచెము తక్కువ. ఉంగరపు ఒక సగమునకు కొన్ని రాగి తీగలను, రెండవ సగమునకు వేరే తీగలను చుట్టెను. నాడు ఎనామిలు తీగ లేదు గనుక, పేటకు పేటకు నడుమ పురికొసను, పొరకు పొరకు నడుమ గుడ్డను వేసెను. రెండవ సగపు తీగను మూడడుగుల దూరము కొనిపోయి ఒక దిక్సూచి ముల్లు మీదుగా నడిపించెను. పిమ్మట మొదటి సగమును బ్యాటరీకి తగిలించెను. ముల్లు చలించి, ఊగి, మరల తన మొదటి స్థానమున నిలిచెను. బ్యాటరీ తగిలియున్నంతసేపును అది కదలలేదు. బ్యాటరీ తీసివేయగానే మరల చలించెను.

పదేండ్లుగా అందరు నిలిచియున్న అయస్కాంతమునుండి నిలిచియుండు కరెంటును కోరిరి. కాని నిలిచియున్నది ఏమియు ఇవ్వదు. అయస్కాంత శక్తి పుట్టునప్పుడును పోవునప్పుడును, హెచ్చునప్పుడును తగ్గునప్పుడును మాత్రమే ప్రక్క తీగలో కరెంటు పుట్టును. మార్పు ఆగగానే కరెంటును ఆగును. ఇదే ఆ రహస్యము. దీనిని పట్టుకొనుటకు గొప్ప యంత్రము అక్కరలేదు. ముల్లు కదలినప్పుడు దానివైపు చూచుచున్న కన్ను చాలును.

అయినను ఫారడే తొందరపడి చాటింపు వేయలేదు. అక్టోబరు 17న కాగితపు గొట్టమునకు చుట్టిన తీగలోనికి ఎనిమిదిన్నర అంగుళముల అయస్కాంతపు కడ్డీని దూర్చియు, తీసియు చూచెను. దూర్చినప్పుడు ముల్లు ఒక ప్రక్కకును, తీసినప్పుడు రెండవ ప్రక్కకును కదలెను. అక్టోబరు 28న రాయల్ సొసైటీవారి పెద్ద అయస్కాంతపు కొనల నడుమ పండ్రెండు అంగుళముల రాగి పళ్లెమును త్రిప్పి ఎడతెగని కరెంటును పొందెను. ఇది లోకములోని మొదటి విద్యుత్ జనకము. నవంబరు 24న ఆ వృత్తాంతము రాయల్ సొసైటీ సభలో చదువబడెను. అమెరికాలోని ఆల్బనీ పట్టణమున జోసెఫ్ హెన్రీ అను బడిపంతులు కూడ ఈ సంగతిని స్వతంత్రముగా కనుగొనెను. తరగతుల భారముచేత ప్రచురించుట ఆలస్యమై, 1832లో గాని అతని వ్యాసము వెలువడలేదు.

ఆ దినములలో మన సీమ ఎట్లుండెను? కోయిలకుంట్ల, ఉయ్యాలవాడ ప్రాంతము ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో నుండెను. ఫారడే ప్రయోగము జరిగిన పదునైదేండ్లకు, 1846లో, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కంపెనీపై తిరుగబడెను. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో అతనిని ఉరితీసిరి. 1850 దాటిన పిమ్మట ఆళ్లగడ్డ సీమలోని ముత్యాలపాడులో ఎస్.పి.జి. మిషనువారు స్థిరపడి పల్లె పిల్లలకు బడులు పెట్టిరి. 1866 కరవులో ఉయ్యాలవాడ వాసియైన బుడ్డా వెంగళరెడ్డి ఆకలిగొన్న వేలమందికి అన్నము పెట్టించెను. ఆ మరుసటి సంవత్సరమే, 1867 ఆగస్టు 25న, ఫారడే కన్నుమూసెను. ఆముదపు దీపము వెలుగున బ్రదికిన మన తాతముత్తాతలకు ఆ ఉంగరపు సంగతి తెలియదు. కాని దాని ఫలము వారి మునిమనుమల చేలగట్టు వరకు నడచి వచ్చెను.

మరుసటి దినమున నేను తరగతికి పోయి మొదట చేసిన పని నా తప్పు ఒప్పుకొనుట. "నిన్న నేను చూపింది తప్పు. ముల్లును కదిలించింది అయస్కాంతమే. ఈరోజు సరిగా చేద్దాము" అని చెప్పితిని. పిల్లలు నవ్వలేదు. బల్లలు జరిపి చోటు చేసిరి. మేము చేసిన విధమును ఇక్కడ వ్రాయుచున్నాను. ఏ పల్లె బడిలోనైనను, ఆదివారపు బడి పిల్లలతోనైనను దీనిని చేయవచ్చును.

అయస్కాంతము సుళువుగ దూరునంత ప్లాస్టికు గొట్టము ముక్క ఒకటి తీసికొనుడి. మోటార్లు రీవైండింగు చేయు అంగడిలో సన్నని ఎనామిలు రాగి తీగ దొరకును. దానిని గొట్టము మీద ఒకే వైపునకు నాలుగు వందల చుట్లు చుట్టుడి. రెండు కొనలను గరుకు కాగితముతో రాగి మెరయువరకు గీకుడి. దిక్సూచిని అగ్గిపెట్టె డొక్కులో పెట్టి, ముల్లు నిలిచియున్న దిక్కునకు సమముగ, అనగా ఉత్తర దక్షిణములుగా, దానిమీద నలుబది చుట్లు చుట్టుడి. ముల్లు కనబడునట్లు నడుమ సందు విడువుడి. ఈ తీగ కొనలను కూడ గీకుడి. చుట్టకును దిక్సూచికిని నడుమ రెండు బారల దూరముండునట్లు రెండు పొడుగు తీగలతో కలుపుడి.

ఇప్పుడు ఇద్దరు పిల్లలను పిలువుడి. ఒకరు అయస్కాంతమును పట్టుకొనవలెను. రెండవవారు దిక్సూచి మీద వంగి, కన్నార్పక చూచి, కనబడినది చెప్పవలెను. మొట్టమొదట తీగ కలుపకుండ అయస్కాంతమును ఆడింపుడి. ముల్లు కదలరాదు. కదలినయెడల ఇంకను దూరము జరుపుడి. ఆ బాలిక నాకు నేర్పిన పాఠము ఇదే గనుక దీనిని ఎన్నడును మానను. కదలదని అందరు ఒప్పుకొనిన పిమ్మట తీగ కలిపి, అయస్కాంతమును చురుకుగ దూర్పుడి.

ముల్లు కొంచెమే కదలును. కాని కదలును. లోపల ఉంచినయెడల మరల తన చోటికి వచ్చును. బయటికి లాగినయెడల రెండవ ప్రక్కకు తొలగును. అయస్కాంతపు కొన మార్చినయెడల దిశ మారును. త్వరగా లాగినకొలది ఎక్కువ, మెల్లగా లాగినకొలది తక్కువ. అయస్కాంతమును కదలనీయక చుట్టనే దానిమీదికి జరిపినను అదే ఫలము. ఎవరు కదలిరన్నది ముఖ్యము కాదు, కదలిక జరిగెనా అన్నదే ముఖ్యము.

కదలిక చాలలేదని పిల్లలకు అనిపించినయెడల ఒక ఉపాయము కలదు. ఇది ఫారడే చేసినదే. ముల్లు ఊగు తాళమునకు సరిగా అయస్కాంతమును దూర్చుచు, లాగుచు ఉండవలెను. ప్రతి నెట్టు మునుపటి నెట్టునకు తోడై ఊపు హెచ్చును. ఈ విధముగా ఫారడే ముల్లు అర్ధవలయము వరకు ఊగెను. మన ఊరి పేరులోనే ఉయ్యాల యున్నది గదా! ఉయ్యాల ఊపు తల్లికి ఈ మర్మము ఎవరు నేర్పనక్కరలేదు. సమయమెరిగి వ్రేలితో నెట్టినను ఉయ్యాల ఎత్తుకు లేచును. వెయ్యి చుట్లు దాటిన తీగయు, నియోడిమియం అను బలమైన చిన్న అయస్కాంతమును దొరికినయెడల, రెండు చిన్న ఎల్.ఇ.డి. దీపములను ఎదురెదురుగా కలిపి చూడుడి. అయస్కాంతము లోనికి పోవునప్పుడు ఒకటి, బయటికి వచ్చునప్పుడు రెండవది మినుకుమనును.

ఒక హెచ్చరిక. ఈ ప్రయోగమునకు బ్యాటరీ కూడ అక్కరలేదు. ఇంటి ప్లగ్గునకు గాని, మోటారు స్టార్టరునకు గాని, ట్రాన్సుఫార్మరు ఫ్యూజులకు గాని ఈ తీగలను ఎన్నడును తగిలింపరాదు. నేర్చుకొనుట వేరు, ప్రాణముతో ఆడుకొనుట వేరు.

ఇప్పుడు చేలగట్టుమీది పెట్టె యొద్దకు తిరిగి పోవుదము. అది ఫారడే ఉంగరమే. రూపము మారినది, అంతే. మన లైనులోని కరెంటు సెకనుకు 50 సారులు ముందుకు వెనుకకు పోవుచుండును. గనుక ఇనుములోని అయస్కాంత శక్తి నిలువక మారుచునే యుండును. ప్రక్క చుట్టలో కరెంటు పుట్టుచునే యుండును. అదే పెట్టెకు ఎడతెగక ఒకే దిశగా పారు బ్యాటరీ కరెంటు ఇచ్చినయెడల, తగిలించు క్షణమున ఒకసారి, తీయు క్షణమున ఒకసారి తప్ప రెండవ చుట్టలో ఏమియు పుట్టదు. 1831 ఆగస్టులో ముల్లు చెప్పినది ఇదే.

సైకిలు డైనమోను వాడిన పెద్దలు మరియొక సంగతి ఎరుగుదురు. చక్రమునకు డైనమోను ఆనించి దీపము వెలిగించుకొనగానే సైకిలు తొక్కుట బరువగును. డైనమోలో తీగ చుట్ట నడుమ అయస్కాంతము తిరుగును. పుట్టిన కరెంటు తనను పుట్టించిన కదలికకే అడ్డు తగులును. దీనిని 1834లో లెంజ్ అను రష్యా దేశపు శాస్త్రజ్ఞుడు సూత్రముగా చెప్పెను. వెలుగు ఊరక రాదు. ఎవరో ఒకరు తొక్కవలెను. ఆంధ్ర దేశములో ఆ తొక్కుట చాలవరకు నదులకు అప్పగింపబడెను. 1955లో మాచ్‌ఖండ్, 1957లో తుంగభద్ర విద్యుత్తు వచ్చెను. శ్రీశైలమునకు 1963లో శంకుస్థాపన జరిగి, 1982లో మొదటి యంత్రము తిరిగెను. నేటి నంద్యాల జిల్లాలోనే యున్న కుడిగట్టు విద్యుత్ కేంద్రములో 110 మెగావాట్ల యంత్రములు ఏడు కలవు. వానిలోను ఉన్నది అయస్కాంతమును తీగ చుట్టయే. చేతికి బదులు కృష్ణమ్మ త్రిప్పుచున్నది. ఆ జలాశయము క్రింద వందకు పైగా గ్రామములు మునిగినవి. మన దీపమునకు వారి ఇండ్లు వెలయాయెనని స్విచ్చి వేయునప్పుడు తలచుకొనుట న్యాయము.

ఫారడే ఈ సంగతిని అమ్ముకొని ధనవంతుడు కాలేదు. నైటు బిరుదు వలదనెను. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవిని రెండుసారులు నిరాకరించెను. క్రిమియా యుద్ధకాలమున విషవాయువు తయారుచేయుటకు తోడ్పడుమని ప్రభుత్వము అడుగగా ఒప్పుకొనలేదు. పిల్లలకొరకు 1825లో రాయల్ ఇన్‌స్టిట్యూషనులో మొదలైన క్రిస్మసు ఉపన్యాసములను మాత్రము అతడే పందొమ్మిది సంవత్సరములు చెప్పెను. క్రొవ్వొత్తి ఒకటి చేతపట్టుకొని దానినుండి రసాయనశాస్త్రమంతయు చూపెను.

అతని ప్రయోగశాలలో ఆండర్సన్ అను మాజీ ఫిరంగిదళ సార్జెంటు సహాయకుడుగా నుండెను. కొలిమి వేడి తగ్గనీయవద్దని సాయంత్రము చెప్పి, ఇంటికి పొమ్మనుట ఫారడే మరచెననియు, మరునాడు ఉదయము వచ్చి చూచువరకు ఆండర్సన్ నిప్పు ఎగద్రోయుచునే యుండెననియు ఒక కథ చెప్పుదురు. ఫారడే పేరు లోకమెరుగును. ఆండర్సన్ పేరు కొందరే ఎరుగుదురు. కాని కొలాడనునకు లేనిదియు ఫారడేకు ఉన్నదియు అట్టి తోడే.

ఇంకను ఎన్నో బడులలో దిక్సూచియు అయస్కాంతమును బీరువాలోనే యుండి, పిల్లలు ఈ పాఠమును వల్లె వేయుటతో సరిపెట్టుకొనుచున్నారు. పరీక్షలో మార్కులు వచ్చును, కాని ముల్లు కదలుట వారు చూడరు. తల్లిదండ్రులారా, సంఘ పెద్దలారా, మీ ఊరి బడికి పోయినప్పుడు ఆ బీరువా తెరచుచున్నారా అని అడుగుడి. తీగ చుట్టుటకు ఒక సాయంత్రము, గీకుటకు ఒక గరుకు కాగితము, చూచుటకు ఇద్దరు పిల్లలు చాలును. ఉపాధ్యాయునకు కావలసినది ఇంకొకటి కలదు: తప్పినప్పుడు తప్పితినని పిల్లల యెదుట చెప్పు ధైర్యము.

నాటినుండి ఏటేట ఈ పాఠము చెప్పుచునే యున్నాను. మొదట తీగ విప్పి చూపెదను. పిమ్మటనే కలిపి చూపెదను. ఎందుకు సార్ అట్లా అని ఎవరైనను అడిగిన, వెనుక వరుసలో కూర్చున్న ఒక బాలిక ఒకప్పుడు అడిగినదని చెప్పెదను.